మధుమేహము: నేరము బీజముదేనా?

తండ్రికి మధుమేహము, తాతకు మధుమేహము, కావున మాకును తప్పదని పొలముపుట్రలతోపాటు రోగమును గూడ పిత్రార్జితమువలె చెప్పుకొనువారు మన పట్టణములలో పెక్కురు గలరు. ఈ మాటలో సత్యము లేకపోలేదు, ఉన్నది సగమే. సుశ్రుతుడు ప్రమేహమును రెండు విధములుగా విభజించెను: తల్లిదండ్రుల బీజదోషమువలన గలుగు సహజము, తిండివలన దెచ్చుకొను అపథ్యనిమిత్తము. ఈ రెండును ఒక్క దేహమునందే చేయి కలిపి పనిచేయుచుండునని యిటీవలి శాస్త్రము చూపుచున్నది.

అమెరికాలోని పీమా జాతివారి చరిత్ర యిందుకు నిదర్శనము. అరిజోనా రాష్ట్రమున గిలా నది యొడ్డున కాలువలు త్రవ్వుకొని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొన్నవారు వీరు. తమ భాషలో తమ పేరు ‘ఏటిజనులు’. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున ఎగువను దిగిన వలసదారులు ఏటినీటిని తమ చేలకు మళ్లించుకొనిరి. కాలువ చివర భూమి గల రైతునకు దీని యర్థము మేము విప్పి చెప్పనక్కరలేదు. పంట పోయెను, కరువు వచ్చెను. పిమ్మట ప్రభుత్వము పంచిన తెల్లపిండి, పంచదార, పందికొవ్వు వారి భోజనమయ్యెను. చేయుటకు సేద్యము లేదు.

మెక్సికోలోని సొనోరా కొండలలో వీరి జ్ఞాతులు కొందరు పాతరీతి సేద్యము చేసికొనుచు మిగిలిరి. 1995లో వీరిని పరీక్షించి, 2006లో ప్రకటించిన లెక్కలు చూడుడు. అరిజోనా పీమాలలో వయోజనులకు నూటికి 38 మందికి మధుమేహము. మెక్సికో పీమాలలో సుమారు 7గురికి. ఒకే వంశము!

కరువులలో కొవ్వు దాచి ప్రాణము నిలిపిన బీజమే కడుపు నిండిన కాలమున శత్రువైనదని 1962లో జేమ్స్ నీల్ ఊహించెను. చక్కని యూహయే. కాని యట్టి ఒక్క జన్యువు దొరకలేదు. ఒక్కొక్కటి స్వల్పబలము గలవి వందలకొలది దొరికినవి. 1965 మొదలు వైద్యులు దశాబ్దములపాటు పీమాల నెత్తురు పరీక్షించిరి. ఏటినీటిలో వారి వాటాను స్థిరపరచిన చట్టము 2004లో గాని రాలేదు. ఏది ముందు కావలసియుండెనో పాఠకులే నిర్ణయింతురు గాక.

బీజము నిరపరాధి యని మేమనము. గ్రీన్లాండు ఇన్యూట్ జనులలో ఒక జన్యుభేదమును తల్లినుండియు తండ్రినుండియు పొందినవారికి మధుమేహభయము ఇతరులకంటె సుమారు పదిరెట్లని 2014లో తేలినది. మనవారికిని తక్కువ బరువుననే, పొట్టచుట్టు కొవ్వు చేరుటతోనే యీ రోగము సోకుచున్నది.

అయినను 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వేలో పల్లెలందు నూటికి 9 మంది, పట్టణములందు 16గురు రోగగ్రస్తులు. బస్సెక్కి పట్టణమున దిగినంతమాత్రమున బీజము మారదు గదా! మారినవి పనియు, పళ్లెమును. మన దేశీయుని యాహారశక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నవని 2025లో ఆ పరిశోధకులే తెలిపిరి. రోకటి దంపుడు బియ్యపు తవుడు మరకు పోయినది, తెల్లబియ్యము మిగిలినది. చౌకధరల దుకాణమున బీదవానికి ముఖ్యముగా దొరకునదియు నదియే. అన్నము తగ్గింపుమని యతనితో చెప్పు వైద్యుడు, తగ్గించిన కూటికి బదులు కందిపప్పో, జొన్నలో యే ధరకు ఎక్కడ దొరకునో గూడ చెప్పవలెను. ఆ సమాధానము వైద్యుని చేతిలో లేదు. పౌరసరఫరాల మంత్రి చేతిలో నున్నది.