విద్యార్థుల చిత్రములు – పెద్దల యాక్షేపణలు

చలనచిత్రకళ నభ్యసించు విద్యార్థులు కొందరు బలాత్కారమునకు గురియైన స్త్రీల మనోవ్యథను డాక్యుమెంటరీ పద్ధతిని లఘుచిత్రములుగా తీయుచున్నారు. ఒక నటి కుర్చీలో గూర్చుండి, సాక్షివలె, కెమెరాకు కథ చెప్పును. చెప్పుచు నాగిపోవును. ముందుది వెనుకకు, వెనుకది ముందునకు పోవును. గోడగడియారపు చప్పుడు జ్ఞాపకమున్నదనును; తలుపెవరు మూసిరో జ్ఞాపకము లేదనును. దీనిపై పెద్దమనుష్యులు రెండు మాటలనుచున్నారు. ఇట్టివి పదుగురిలో చూపదగవనుట మొదటిది. దీనికి జవాబు చెప్పి కాలహరణము చేయము. కట్టు విప్పకుండ మానిన పుండును మేమెన్నడును చూడలేదు. ఇంతగా తడబడుదానిని నమ్ముటెట్లనుట రెండవది. ఇది అంత తేలికగా త్రోసివేయదగినది కాదు. న్యాయస్థానములలోనే చిరకాలము చెల్లిన మాట యిది.

1972లో మహారాష్ట్రమందలి దేశాయిగంజ్ పోలీసు ఠాణాకు వాఙ్మూలమిచ్చుటకు వచ్చిన యొక గిరిజన బాలికపై అత్యాచారము జరిగినదని ఇద్దరు పోలీసులపై నేరము మోపబడెను. ఆమె పేరు దేశమెఱుగును; మేము వ్రాయము. సెషన్సు కోర్టు నిందితులను విడిచినది. భయముచే లొంగుట వేఱు, సమ్మతించుట వేఱని బొంబాయి హైకోర్టు శిక్షించినది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. ఏల? దేహమున గాయములు లేవు గనుక ప్రతిఘటించితిననుట అబద్ధమట! అరచితిననుట కల్పనయట! తలుపులు మూసిన ఠాణాలో, పోలీసువాని చేత చిక్కిన కూలిపిల్ల సాయమునకెవరిని పిలువవలెను? పోలీసులనా?

1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్ మొదలగు నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. స్త్రీలు వీథులలోనికి వచ్చిరి. 1983లో చట్టము మారినది. ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రమున అసత్యము కాదని 1996లో సుప్రీంకోర్టే పలికినది. దేహబలముతో ఎదిరింపలేదను నొక్క కారణముచే సమ్మతి యున్నదని తలపరాదని 2013 సవరణ చెప్పినది. భారతీయ న్యాయ సంహితయు నట్లే చెప్పుచున్నది. చట్టము నేర్చుకొన్నది. మా వృత్తిసోదరులు నేర్చిరా? “ఎడమచేయి పట్టెనా, కుడిచేయి పట్టెనా?” యని నాలుగు గంటలు క్రాసు పరీక్ష చేసి, ఒక్క తేడా దొరకగానే విజయగర్వముతో గౌను సవరించుకొనువారు నేటికిని కలరు. భయము మితిమీరినపుడు దేహము కొయ్యబారి నోరు పెగలకపోవచ్చుననియు, ఒక్కొక్క వివరము చెక్కినట్లు నిలిచి వరుస మాత్రము చెదరిపోవచ్చుననియు వైద్యులు చెప్పుచుండగా, ఆ చెదరిన వరుసయే అబద్ధమునకు గుర్తెట్లగును?

విద్యార్థులకును కొంత చెప్పవలసియున్నది. కొందరు దుష్కృత్యమునే తెఱపై చూపుచున్నారు. ఎవరి కన్నులకొరకు? మఱికొందరు మౌనమును భరింపలేక వీణానాదముతో నింపుచున్నారు. ఆ మౌనమే గదా చూపవలసినది! పాత్ర ధరించినది నటి యని మొదటనే తెలుపుడు. లేనిచో ఆక్షేపించువారు బాధితులందరిని నటీమణులనుటకు జంకరు. నిజముగా బాధపడినయామె పేరుగాని ముఖముగాని, ఆమె వ్రాతపూర్వకమైన యనుమతి లేక వెల్లడించినచో, సంహితలోని 72వ సెక్షను క్రింద రెండేండ్ల వఱకు ఖైదు కలదు. సదుద్దేశము చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు.

ఈ చిత్రములను కళాశాలలలో నిషేధింపవలెనను వారితో మేము ఏకీభవింపము. వీనిని మొట్టమొదట న్యాయకళాశాలలలోను, పోలీసు శిక్షణాలయములలోను ప్రదర్శింపవలెను. ఫిర్యాదు వ్రాసికొను హెడ్ కానిస్టేబులును, రేపు క్రాసు పరీక్షకు లేవబోవు యువ న్యాయవాదియు ఒకే బల్లపై గూర్చుండి చూతురు గాక.