కొత్త వలస బిల్లు: మన ఊరి ఏజెంటుని పట్టుకుంటుందా?

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు గల్ఫ్‌కి ఎవరూ వెళ్లని వీధి దొరకడం కష్టం. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు... ఉద్దానం కుర్రాళ్లకి ఇవే ఉద్యోగాలు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల బిల్డింగ్ కాలిపోయి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం జిల్లా మనిషి కూడా ఉన్నాడు.

ఇలా వెళ్లేవాళ్ల కోసం మనకున్న చట్టం 1983 నాటి ఎమిగ్రేషన్ యాక్ట్. దాన్ని తీసేసి కొత్తది తెస్తామని 2021లోనే కేంద్రం ఒక ముసాయిదా పెట్టింది, అది ముందుకు కదల్లేదు. 2025 అక్టోబర్‌లో విదేశాంగ శాఖ మళ్లీ ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు పేరుతో ఇంకో ముసాయిదా విడుదల చేసి జనం అభిప్రాయాలు అడిగింది. మన మసీదు కమిటీల్లో గానీ, ఊళ్లలో గానీ దీని గురించి మాట్లాడిన వాళ్లు నాకైతే కనపడలేదు.

పాత చట్టంలో లోపం ఎక్కడుందో చూడండి. పదో తరగతి పాస్ కానివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్తుంటేనే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. సౌదీ, కువైట్, ఖతర్, మలేషియా ఆ లిస్టులో ఉన్నాయి. కంబోడియా లేదు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఉత్తరాంధ్ర కుర్రాళ్లని సైబర్ మోసాలు చేసే ముఠాలకు అప్పజెప్పారు. కంప్యూటర్ ఉద్యోగమని వెళ్లే చదువుకున్న పిల్లల్ని ఈ చట్టం ఏ కౌంటర్ దగ్గరా ఆపదు.

రెండోది ఫీజు. లైసెన్సున్న ఏజెంటు 30 వేలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. ఊళ్లో డబ్బు అడిగేది మాత్రం లైసెన్సు లేని సబ్ ఏజెంటు. చాలాసార్లు తెలిసినవాడు, మామ వరసో, బావ వరసో అవుతాడు. రసీదు అడగడానికి మొహమాటం. లక్షా ఇరవై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకి 3,600 వడ్డీకే పోతుంది. ఏడాదికి 43,200. అక్కడ జీతం రెండు నెలలు ఆగితే ఇక్కడ అమ్మ బంగారం బ్యాంకులోకి వెళ్తుంది.

అటువైపు దేశాలూ తలుపులు బిగిస్తున్నాయి. సౌదీ 2011లో నితాఖత్ పెట్టి కంపెనీల్లో సొంత పౌరుల వాటా తప్పనిసరి చేసింది. ఇప్పుడు చాలా పనులకి వీసా కంటే ముందే ఇక్కడ స్కిల్ టెస్ట్ పాసవ్వాలి. కువైట్‌లో 2020లో భారతీయులు జనాభాలో 15 శాతం దాటకూడదని బిల్లు వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో నిద్రలు పోయాయో! అంటే ఇకమీదట పని వచ్చినవాడికే వీసా. మన జిల్లాల ఐటీఐ కుర్రాళ్లకి ఇది మంచిదే, సర్టిఫికెట్ నిజమైనదైతే.

అందుకే కొత్త బిల్లులో నేను వెతికేది ఒక్కటే. మోసపోయిన కార్మికుడు సోంపేటలోనో, బొబ్బిలిలోనో ఫిర్యాదు ఇస్తే అక్కడే విచారణ జరిగి డబ్బు వెనక్కి వస్తుందా? ఢిల్లీలో కౌన్సిల్ పెడతామంటున్నారు, పెట్టనివ్వండి. జిల్లాలో ఒక ఆఫీసు, ఉర్దూ తెలుగు తెలిసిన ఒక మనిషి లేకపోతే ఆ కాగితం ఇక్కడిదాకా రాదు. ఈలోగా డబ్బు కట్టేముందు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు లైసెన్సు నంబరు చూడండి. మామయ్య అయినా సరే, నంబరు అడగండి.