ఓటమి మరునాటి భోజనం

ఆటగాళ్ల జీవితచరిత్రలు, శిక్షకుల జ్ఞాపకాలు, గొప్ప మ్యాచ్‌ల కథనాలు ఏటా కొల్లలుగా వస్తుంటాయి. ఆట చూసేవాడి గురించి వచ్చే పుస్తకాలు మాత్రం తక్కువ. 1992లో వచ్చిన నిక్ హార్న్‌బీ ‘ఫీవర్ పిచ్’ వాటిలో ముందు చెప్పుకోదగినది. ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టును బాల్యం నుంచి వదలని అభిమాని తన జీవితాన్ని మ్యాచ్‌ల తేదీలవారీగా చెప్పుకున్న ఆత్మకథ అది. 2013లో ఎరిక్ సైమన్స్ ‘ది సీక్రెట్ లైవ్స్ ఆఫ్ స్పోర్ట్స్ ఫ్యాన్స్’లో అదే అభిమానిని మెదడు వైపు నుంచి, హార్మోన్ల వైపు నుంచి పరిశీలించారు. ఈ రెండింటి సరసన ఉంచి చదవదగిన మూడో రచన పుస్తకం కాదు. 2013లోనే ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో యాన్ కోర్నీల్, పియెర్ షాందోన్ ప్రచురించిన పరిశోధన వ్యాసం. వైద్యులు దానిపై పెట్టవలసినంత దృష్టి పెట్టలేదు.

వారి ప్రశ్న సూటిగా ఉంది. అమెరికాలో ఆదివారం జరిగే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ ఆటలో ఊరి జట్టు ఓడితే, సోమవారం ఆ ఊరివారి తిండి మారుతుందా? రెండు సీజన్ల ఆటల ఫలితాలను, వేర్వేరు నగరాలవాసులు రాసి ఉంచిన ఆహార దినచర్యలతో కలిపి చూశారు. ఓడిన జట్టు నగరంలో సోమవారం నాడు సంతృప్త కొవ్వు వాడకం మామూలుకంటే 16 శాతం పెరిగింది. గెలిచిన నగరంలో 9 శాతం తగ్గింది. జట్టు లేని నగరాల్లోనూ, ఆ వారం జట్టు ఆడని నగరాల్లోనూ మార్పు లేదు. అభిమానం ముదిరిన ఊళ్లలోనూ, సమ ఉజ్జీల మధ్య పోరులోనూ, చివరిక్షణంలో చేజారిన ఆటల తరువాతా ఈ తేడా మరింత స్పష్టంగా కనబడింది.

ఇందులో ఆలోచింపజేసేది 16 అన్న అంకె కాదు, సోమవారం అన్న మాట. ఆదివారం అందరూ ఒకే తీరుగా తింటారు. గెలిచేవాడి ఇంట్లోనూ ఓడేవాడి ఇంట్లోనూ అవే కోడి రెక్కల వేపుళ్లు, అదే పిజ్జా, అదే బీరు. స్నేహితులు పోగైనచోట తిండి ఎక్కువవడానికి మనస్తత్వశాస్త్రం అక్కరలేదు. సోమవారం నాడు విందు లేదు, తెర లేదు, పక్కన కేకలు వేసే మిత్రుడూ లేడు. ఆఫీసు క్యాంటీన్‌లో ఒంటరిగా పళ్లెం పట్టుకొని నిలబడిన మనిషి సలాడ్ వదిలి బర్గర్ వైపు చేయి చాపుతున్నాడు. కారణమేమని అడిగితే ఆకలి అంటాడు. రాత్రి ఆట సంగతి అతని నోట రాదు. బహుశా అతనికే తట్టదు.

తాను ఆడని ఆటలో తాను ఓడిపోవడం ఎలా సాధ్యం? దీనికి పునాది 1976 నాటి రాబర్ట్ చాల్డీనీ బృందం పరిశోధనలో ఉంది. వారు కూడా సోమవారాన్నే ఎంచుకున్నారు. విశ్వవిద్యాలయ జట్టు గెలిచిన వారాంతం తరువాత విద్యార్థులు ఆ విద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకొచ్చారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మేం’ అన్న మాట వాడారు. ఓటమి దగ్గరకు వచ్చేసరికి ఆ మాట తగ్గింది. తెలుగు క్రికెట్ అభిమానులకు ఈ వ్యాకరణం కొత్త కాదు. ‘గెలిచాం’ అంటారు, ‘ఓడిపోయారు’ అంటారు. శరీరం మాత్రం ఇంత తెలివిగా తప్పించుకోలేదు. 1994 ప్రపంచకప్ ఫైనల్ చూసిన బ్రెజిల్ అభిమానుల లాలాజలంలో టెస్టోస్టిరాన్ పెరిగింది, ఇటలీ అభిమానుల్లో తగ్గింది. 2006 ప్రపంచకప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజులకంటే రెండున్నర రెట్లు మించాయి. గుండెను తాకినది జీర్ణాశయం దాకా పోదని ఎందుకు అనుకోవాలి?

అయితే ఈ రంగంలో వచ్చిన ప్రతి అంకెనూ కళ్లకద్దుకోవడం తగదు. ‘మైండ్‌లెస్ ఈటింగ్’ రాసి ఎందరినో మెప్పించిన బ్రయాన్ వాన్‌సింక్ పరిశోధనల్లో అక్రమాలు జరిగాయని 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయమే తేల్చింది. ఆయన వ్యాసాలు పలు పత్రికలు ఉపసంహరించుకున్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ అధ్యయనం ఆ కోవలోది కాదు. కానీ అదీ మనుషులు తమ తిండి గురించి తామే రాసుకున్న లెక్కలపై ఆధారపడినదే. ఊరి సగటు ఫలానా వ్యక్తి సంగతి చెప్పదు. దాని బలం, అదే ఫలితం ప్రయోగంలోనూ కనబడడంలో ఉంది. ఫ్రాన్స్‌లో తమ జట్టు ఓటమిని తలచుకొని రాసినవారు చిప్స్, మిఠాయిల వైపు మొగ్గారు. గెలుపును తలచుకొన్నవారు ద్రాక్ష, టమాటాల వైపు మొగ్గారు. తమ జీవితంలో విలువైనవేవో రాయమన్నప్పుడు మాత్రం ఓటమి ప్రభావం మాయమైంది. ఇల్లు, వృత్తి, నమ్మకం ఇలా నిలబడడానికి మరో నేల దొరికితే మనిషికి వేపుడు అవసరం తగ్గుతోందన్నమాట.

ప్రవాస తెలుగువారి విషయంలో ఆలోచించవలసింది ఇక్కడే. 2023 నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్ అమెరికా తూర్పు తీరంలో తెల్లవారుజామున మూడున్నరకు మొదలైంది. అప్పటికి వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన జట్టు అది. చలిలో లేచి, పిల్లల్ని లేపి, బంధుమిత్రులను పిలుచుకొని కూర్చున్న ఇళ్లు ఎన్నో. మధ్యాహ్నం కాకముందే అంతా అయిపోయింది. మిగిలిన బిర్యానీ, బజ్జీలు ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. ఆ మరునాడు అవి ఎవరి పళ్లెంలోకి వచ్చి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. దేశం విడిచినవారికి ఆ జట్టు కేవలం జట్టు కాదు. వదిలి వచ్చిన ఊరితో, తండ్రితో, కాలేజీ హాస్టల్ టీవీ గదితో మిగిలిన బంధం. కాబట్టి ‘ఇది ఆటే కదా’ అన్న ఓదార్పు వారి దగ్గర చెల్లదు. పైగా దక్షిణాసియావారిలో మధుమేహం, గుండెజబ్బు ఇతరులకంటే చిన్న వయసులో, తక్కువ బరువుకే వస్తాయి. పదహారు శాతం అదనపు కొవ్వును అందరి ధమనులూ ఒకేలా భరించవు.

ఆసుపత్రుల్లో ఆహార నిపుణులు ఇచ్చే పట్టికలో ఏం తిన్నారు, ఎంత, ఎన్ని గంటలకు అన్న గడులు ఉంటాయి. రోగి నిజాయితీగా నింపితే, ఒక సోమవారం దగ్గర అంకెలు ఎగబాకి ఉంటాయి. వైద్యుడు దాన్ని నిగ్రహలోపంగా చదివి మందలిస్తాడు. రోగి తల వంచుకుంటాడు. నిన్న ఏ జట్టు ఆడింది, ఎంత తేడాతో ఓడింది అని అడగడానికి అర నిమిషం చాలు. ఆ పట్టికలో దానికి గడి లేదు.