బొమ్మకు కుదిరిన పీఠము మనిషికి కుదురునా?

దర్జీకి గుడ్డ నిచ్చునపుడు కంబదూరులోని తల్లి తన బిడ్డ ఆది చొక్కాను గూడ నిచ్చును. పొరుగూరి పిల్లవాని ఆది నిచ్చి తన బిడ్డకు కుట్టుమని యెన్నడు నడుగదు. చొక్కా విషయమున మనకుగల యీ యెఱుక, కోట్లు వెచ్చించి నిర్మించు విమానముల విషయమున నుండవలదా?

నేడు విమానచోదకుని కాక్‌పిట్టును నిర్మించుటకు ముందు కంప్యూటరులో నొక మనిషిబొమ్మను కూర్చుండబెట్టుదురు. చేయి మీటల నందునా, కన్ను రన్‌వేను చూచునా, మోకాలు పలకకు తగులునా యని దానితో పరీక్షింతురు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పుట్టిన “జాక్”, జర్మనీలో పుట్టిన “రామ్‌సిస్” ఇట్టివే. ఇది మేలైన సాధనము. కొయ్య నమూనాలను కట్టి, విప్పి, మరల కట్టు వ్యయమును తగ్గించును. సాధనమును మేము నిందింపము. పరీక్షింపని సాధనమును ప్రమాణముగా గైకొనుటనే నిందింతుము.

బొమ్మకు అలసట లేదు. సజీవుడు కూర్చుండిన మాంసము నొక్కుకొనును, నడుము వంగును, కన్ను దిగును. పట్టీలు భుజములను వెనుకకు బిగించును. తెరపై మీట నందిన చేయి ఆకాశమున నందకపోవచ్చును. అంతియేకాదు, “జాక్” దేహమునకు ఆధారము 1988 నాటి అమెరికా సేనవారి కొలతలు. పొరుగింటి పుల్లకూర రుచియే గావచ్చును. పొరుగింటి కాలిపొడవు మన కేమి యుపకరించును?

సగటు మనిషిని చూపి సమాధానపడుదమన్న నదియు చెల్లదు. 1950లో అమెరికా వైమానికదళము 4,063 మంది చోదకులను కొలిపించినది. గిల్బర్టు డానియల్సు పది కొలతలను చేర్చి చూడగా, పదింటను సగటునకు సరిపడినవా డొక్కడును లేడు. మూడు కొలతలను మాత్రమే తీసికొన్నను నూటికి నలుగురైన తేలలేదు. లేని మనిషికొఱకు పీఠము చేసినచో ఉన్న మనిషి యెక్కడ కూర్చుండును?

“సరిపడనివారిని చేర్చుకొనకున్న సరి” యని కొందఱందురు. చెప్పునకు సరిపోవునట్లు కాలిని కోయుమను న్యాయమిది! మన వైమానికదళమున చోదకునికి కనీసపు టెత్తు 162.5 సెంటీమీటర్లు, కాలిపొడవు 99 సెంటీమీటర్లు. వానలు తప్పి, వేరుసెనగ యెండి, కుటుంబములు బెంగుళూరికి కూలికి పోవు ఈ మెట్టసీమలో కరవు తిండినే గాక బిడ్డల యెత్తును గూడ తినివేయును. తేజస్ విమానమును నిర్మించునదియు ఆ బెంగుళూరే. అచ్చట తల్లిదండ్రులు ఇటుకలు మోయుచుండ, బుద్ధియు ధైర్యమును గల బిడ్డను రెండంగుళముల లోపమునకు త్రిప్పి పంపుదుమేని, లోపము బిడ్డదా పీఠముదా యని తేల్చవలదా?

2016 జూన్ 18న దుండిగల్ వైమానిక అకాడమీలో మువ్వురు యువతులు యుద్ధవిమాన చోదకులుగా నియుక్తులైరి. పురుషదేహమొక్కటే కొలమానమను కాలము అంతటితో గడచినది. అమెరికాయే 1967 నాటి పురుషచోదకుల కొలతలను విడిచి, నేటి స్త్రీపురుషుల కొలతలనుబట్టి విమానములను నిర్మింపవలెనని 2020లో నిశ్చయించుకొన్నది. మనకు సాధనసంపత్తి లేదందురా? బెంగుళూరున వైమానిక వైద్యసంస్థ యున్నది. భారతీయుల దేహపు కొలతలను అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థ 1997లోనే గ్రంథరూపమున ప్రకటించినది.

కావున మా కోరిక స్పష్టము. ప్రతి నూతన విమానమునకు పొట్టివారిని, పొడుగువారిని, పొడవు మొండెమును కుఱుచ చేతులునుగలవారిని, స్త్రీలను, పురుషులను నిజమైన నమూనాలో పట్టీలు బిగించి కూర్చుండబెట్టవలెను. వారి కొలతలతోనే బొమ్మను మలచి, చేతి యందుబాటును కంటి యెత్తును సరిపోల్చవలెను. భేదమెంతయో దాచక ప్రకటింపవలెను. భేదము మిక్కుటమైనచో బొమ్మను దిద్దవలెను, పీఠమును జరుపవలెను, అప్పటికిని మిగిలిన హద్దునే నియమముగా వ్రాయవలెను.

విమానము మనదని గర్వింతుము. అందు కూర్చుండు దేహమును మనదై యుండవలెను.