చేజారుతున్న తొలి గంట

ఇంట్లో కాన్పులు దాదాపు పోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కానీ పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది నూటికి 37 మంది పిల్లలకే. దేశం మొత్తం మీద చూసినా 42 మందికే. డాక్టరూ నర్సూ పక్కనే ఉండగా ఇలా జరుగుతోందంటే తప్పు తల్లిది కాదు. సగం మాది, సగం కుటుంబానిది.

తెలంగాణలో పదింట ఆరు కాన్పులు సిజేరియన్లే. వెన్నులో మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కన ఒకరు బిడ్డను పట్టుకుంటే గంటలోపే పాలు పట్టించవచ్చు. మేం ఆ పని చేయించాలి. మీరు అడగాలి.

వార్డులో నేను ఎక్కువగా వినే మాట, ‘పాలు పడలేదు డాక్టర్ గారూ’. వెంటనే ఎవరో ఒకరు పాలడబ్బా తెస్తారు, మరొకరు తేనె నాకిస్తారు. మొదటి రోజు బిడ్డకు కావాల్సింది కొన్ని చెంచాల ముర్రుపాలే. అవి కొంచెమే వచ్చినా రోగాల నుంచి కాపాడే శక్తి వాటిలో ఉంటుంది. బిడ్డ చప్పరించేకొద్దీ పాలు పడతాయి. డబ్బాపాలతో కడుపు నిండితే చప్పరించడం తగ్గి, పాలూ తగ్గుతాయి. ఇక తేనె ఏడాదిలోపు పిల్లలకు ప్రమాదకరం.

ప్రపంచంలో ఆరు నెలల్లోపు పిల్లల్లో కేవలం తల్లిపాలే తాగుతున్నవారు సగంలోపే. అందరికీ సరిగా తల్లిపాలు అందితే ఏటా 8 లక్షలకు పైగా పసిప్రాణాలు నిలుస్తాయని 2016లో లాన్సెట్ పత్రిక అంచనా వేసింది. మన పక్కనున్న శ్రీలంకను చూడండి. అక్కడ ఆరు నెలల్లోపు పిల్లల్లో పదిమందికి ఎనిమిది మంది తల్లిపాలే తాగుతున్నారు. ప్రభుత్వ మంత్రసానులు గర్భిణిగా ఉన్నప్పటి నుంచే ఇంటికి వచ్చి చెప్పడం, కాన్పయ్యాక మళ్లీ వచ్చి చూడటం అందుకు ఒక ముఖ్య కారణం.

మీ ఇంట్లో ఆ పని అత్తగారో, అమ్మో, భర్తో చేయవచ్చు. బాలింతకు వేళకు తిండి పెట్టండి, రాత్రిపూట బిడ్డను అందించండి. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. కొందరికి డబ్బాపాలు నిజంగా అవసరమవుతాయి. అది డాక్టరు చెప్పాలి, పక్కింటివారు కాదు.

కాన్పుకు సంచి సర్దేటప్పుడు పాలసీసా పెట్టకండి. ‘గంటలోపు బిడ్డను తల్లి దగ్గరికి చేరుస్తారా?’ అని ముందే మమ్మల్ని అడగండి. మీరు అడిగితే మేం మరిచిపోం.