కత్తి కాపురం స్నానాలగదిలో వద్దు

గడ్డం గీసుకునే మడత కత్తికి తుప్పు పట్టకుండా ఏ నూనె రాయాలని అడుగుతుంటారు. అసలు అడగాల్సింది దాన్ని ఎక్కడ ఉంచాలని. జోలింగెన్, షెఫీల్డ్ పేర్లతో వచ్చిన పాత కత్తుల్లో ఎక్కువ భాగం కార్బన్ ఉక్కువే. గాలిలో సాపేక్ష తేమ సుమారు 60 శాతం దాటితే ఆ ఉక్కు మీద కంటికి కనిపించని నీటిపొర నిలిచి, తుప్పు వేగం పుంజుకుంటుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల్లో మామూలు గదులే తరచూ ఆ గీత దాటుతాయి. ఇక వేన్నీళ్ల ఆవిరి కమ్మిన స్నానాలగది సంగతి చెప్పాలా? కత్తి వెన్ను మీద తుప్పు మరకగా మిగులుతుంది. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చనైన అంచును మాత్రం తినేస్తుంది.

నూనె చాలదా అంటారు. కుట్టుమిషన్ నూనె పల్చగా రాస్తే మేలే, కానీ అడుగున చిక్కిన తడిని అది ఆరబెట్టదు. పిడిలో మేకు చుట్టూ దాగే చుక్కే అసలు దొంగ. అక్కడ తుడిచి, కత్తిని తెరిచి ఆరబెట్టాకే నూనె. స్టెయిన్‌లెస్ కొంటే సరి అనే వాదనా ఉంది. కనీసం 10.5 శాతం క్రోమియం వల్ల అది బాగా తట్టుకుంటుంది, నిజమే. అయినా ఉప్పుగాలికి దాని మీదా గుంటలు పడతాయి. సిలికా జెల్ పొట్లాలంటారా, మూత బిగియని డబ్బాలో అవి గది తేమంతా తాగి కొద్దిరోజుల్లో చతికిలపడతాయి. తోలు సంచి అయితే తేమను పట్టి ఉంచుతుంది, మరీ చేటు. కత్తి కోసం రోజూ వేరే గదికి పది అడుగులు నడవడానికి బద్ధకించేవారికి సేఫ్టీ రేజరే నయం. మిగతావారికి పడకగది బీరువాలో, పిల్లలకు అందని పై అర చాలు.