గేటు కాడ ర్యాంపు ఏస్తే సరిపోతదా?

హైటెక్ సిటీకి దగ్గర్లనే జూబ్లీహిల్స్‌ల కేబీఆర్ నేషనల్ పార్కు ఉన్నది. అడివన్నంక ఎగుడుదిగుడు ఉంటది, నిజమే. గని చక్రాల కుర్చీల వచ్చేటోళ్లకు ఒక్క బాటన్న సాఫుగ ఉండాలె గదా? 2016 వికలాంగుల హక్కుల చట్టం పట్నమైనా పల్లెయైనా జనం వాడే జాగలు అందరికీ అందాలన్నది. 2017ల కేంద్రం తెచ్చిన రూల్ మాత్రం ఉత్త సలహా లెక్కనే ఉన్నదని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కొట్టేసింది. తప్పనిసరి రూల్స్ మూడు నెలల్ల పెట్టుమన్నది. ఆ కేసుల కోర్టుకు రిపోర్టు ఇచ్చింది మన శామీర్‌పేట నల్సార్ యూనివర్సిటీనే.

నేననేది ఒక్కటే. బస్సు దిగిన కాడికెళ్లి టికెట్ కిటికీ, బాట, బాత్రూం దాంక నడుమ ఒక్క మెట్టు అడ్డమొచ్చినా ఎనక్కి మళ్లుడే. పార్కుల కాడ అడిగినట్టే, మన మండలాఫీసు కాడ గూడ అడుగుండ్రి.